తియనాన్మెన్ స్క్వేర్‌లో అక్క

అక్క పోయిందని నాకెవరూ ఫోన్ చేసి చెప్పలేదు. మా చిన్నాన్నగారి కోడలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన ఫ్లెక్సీ చూసి తెలుసుకున్నాను. దుబాయ్‌కి అవతల రాస్ అల్ ఖైమాలో ఇప్పుడు నేను వంట చేస్తున్న తెలుగువాళ్లింట్లో, పప్పు కుక్కర్ మూడో కూత కోసం చూస్తూ ఫోన్ తిప్పుతున్నాను. నల్ల అంచు, అటొక దీపం, ఇటొక దీపం, పైన "అశ్రునివాళి" అని పెద్దక్షరాలు, మధ్యలో అక్క. గడ్డం కాస్త పైకెత్తి, పెదాలు బిగించి, ఎవరినో లెక్కచేయనట్టు చూస్తోంది.

ఆ ఫొటో తీసింది నేనే. వెనక ఉన్న ఎర్ర గోడా, జనమూ అంతా చెరిపేసి మేఘాలు పెట్టారు. ఛాతీ దగ్గర కత్తిరించేశారు. కత్తిరించిన ముక్కలో ఏముందో నాకు తెలుసు. నా ఫోన్‌లో అసలుది ఇంకా ఉంది.

ఏడుపు రాలేదు. స్టవ్ కట్టేసి, గట్టుకి ఆనుకుని కాసేపు తిట్టుకున్నాను. పోయినవాళ్లని తిట్టకూడదంటారు. బతికున్నప్పుడు తిట్టే అవకాశం ఆవిడ నాకు ఇవ్వలేదు మరి.

నా సొంత అక్క కాదు. మా ఊరికి ఆరు కిలోమీటర్ల దూరంలో వాళ్ల ఊరు, మధ్యలో ఒక కాలవ. దుబాయ్‌లో ఒక అరబ్బు కుటుంబం దగ్గర ఎప్పటినుంచో వంట చేసేది. ఆ ఇంట్లో పిల్లల్ని చూసుకోడానికి మనిషి కావాలంటే నా పేరు చెప్పి, పూచీ పడి నన్ను రప్పించింది. కరోనాకి ముందు ఏడాది వచ్చాను. అప్పటికి మా అమ్మాయికి ఏడేళ్లు.

ఇక్కడి ఇళ్లలో పనిచేసేవాళ్లం యజమానురాలిని మామా అనీ, యజమానిని బాబా అనీ పిలవాలి. మొదట్లో ఆమెని మామా అని పిలవాలంటే మా మేనమామ మీసాలు గుర్తొచ్చి నవ్వాగేది కాదు. అక్క నా మోచేతి మీద గిల్లి, "నవ్వకే, వాళ్లకి నవ్వంటే అనుమానం," అనేది. ఆవిడ మాత్రం ఎవరి ముందూ నవ్వేది కాదు. మేమిద్దరమే వంటింట్లో ఉన్నప్పుడు నవ్విందంటే కుర్చీ పట్టుకోవాల్సి వచ్చేది.

ఉప్పు చూడాలంటే గరిటెతో రెండు చుక్కలు మణికట్టు మీద వేసుకుని నాకేది. ఫ్రిజ్ తలుపు మోకాలితో మూసేది. దుబాయ్‌లో ఏ మేడ పేరూ సరిగా చెప్పేది కాదు. బుర్జ్ ఖలీఫా "ఆ పొడుగుది". పక్కనుండే మాల్ "ఆ చల్లటిది". పిల్లలు స్కూలు బస్సు ఎక్కగానే రెండు చేతులూ దులుపుకుని, "ఖలాస్! ఇంక మన రాజ్యం," అని టీ పెట్టేది. ఆ టీలో ఏలక్కాయ ఎన్ని గింజలు వెయ్యాలో నాకు ఐదేళ్లయినా వదల్లేదు, తనే వేసేది.

"నేనున్నానుగా" అన్నది ఆవిడ ఊతపదం. బియ్యం మాడినా అదే, పిల్లాడు జారిపడినా అదే, మా ఆయన ఊళ్లో తాగి పడిపోయాడని ఫోనొచ్చినా అదే. ఉత్త మాట అనుకుంటే పొరపాటు. నాకు కరోనా వచ్చినప్పుడు నన్ను సామాన్ల గదిలో పెట్టి తలుపేశారు. మూడుపూటలా చారన్నం తెచ్చి గుమ్మంలో పెట్టి, తలుపు అవతల నేల మీద కూర్చుని, నేను తినేదాకా కబుర్లు చెప్పేది. దగ్గు వినబడితే కబురు ఆపేది, ఆగితే మళ్లీ మొదలుపెట్టేది. బతుకుతానని నాకు నమ్మకం కలిగించింది తలుపు అవతలి ఆ గొంతే. నమ్మడం నేను అక్కడే బాగా నేర్చుకున్నాననుకుంటాను.

ఫొటోలంటే ఆవిడకి పిచ్చి. "ఫొటో లేకపోతే మనం ఎక్కడికీ ఎల్లనట్టేనే. ఎల్లేనని చెప్తే మనూళ్లో ఎవరు నమ్ముతారు?" అనేది. శుక్రవారం ఇంటివాళ్లంతా మామా పుట్టింటికి వెళ్లగానే పెట్టెలోంచి సిల్కు చీర తీసి కట్టుకునేది. హాలులో సోఫా పక్కన నిలబడేది. ఇన్నేళ్లలో ఆ సోఫా మీద కూర్చుని ఒక్క ఫొటో దిగలేదు. "కూచుంటే మనది కాదని తెలిసిపోద్ది. పక్కన నిలబడితే ఏమో, మనదేనేమో అనిపిస్తాది," అనేది. నవ్వేదీ కాదు. "నవ్వితే పనిమనిషిలా ఉంటాం. మామా ఫొటోలో ఎప్పుడైనా నవ్విందేటి?"

తీసేది నేనే కాబట్టి నాకూ నియమాలు పెట్టింది. ఫోన్ రెండు చేతులతో పట్టుకోవాలి. చేతిలో, చంకలో ఏమీ ఉండకూడదు. నా చేతిలో పిల్లాడి పాలసీసా ఉన్నా, తాళాలున్నా, "ఇలా తే" అని లాక్కుని తన సంచిలో వేసుకునేది. మా వైపు పెళ్లిళ్లలో గ్రూపు ఫొటో అంటే అందరి సంచులూ ఎవరో ఒక పెద్దావిడ ఒళ్లోకి చేరతాయే, అలాగన్నమాట. తీయడం అయ్యాక, "ఇందా" అని వెనక్కిచ్చేది. కొన్ని వందలసార్లు ఇచ్చి ఉంటుంది. ఒక్కటి కూడా పోలేదు.

ఆవిడ తరచూ చెప్పే కథ ఒకటుంది. నాకు ముందు తణుకు వైపు నుంచి ఇంకో పిల్లని తెచ్చిందట. ఆ పిల్ల చెత్త పారేసి వస్తానని వెళ్లి మరి రాలేదట. అక్క ఆ కథని నటించి చూపించేది. చెత్త సంచి పట్టుకుని వయ్యారంగా నడిచేది, గేటు దగ్గర వెనక్కి తిరిగి చూసేది, మాయమయ్యేది. వెంటనే మామాలా నడుం మీద చేతులేసుకుని, "వేర్ ఈజ్ షీ?" అనేది. నేను కడుపు పట్టుకుని నవ్వేదాన్ని. "ఆ తర్వాత రెండేళ్లు నాకు సఫర్ లేదే," అని ముగించేది. సఫర్ అంటే ఇక్కడ మాకు ఇంటికెళ్లే సెలవు. కథ చివర ఆ ఒక్క వాక్యం దగ్గర ఆవిడ నవ్వేది కాదని నేను చాలా ఆలస్యంగా గమనించాను.

నాకూ సఫర్ లేదు. రెండేళ్లకోసారి పంపుతామన్నారు. మొదట కరోనా అన్నారు. తర్వాత మామాకి మూడో కాన్పు. తర్వాత రంజాన్, ఆపైన పిల్లల స్కూలు. ఐదేళ్లు గడిచాయి. మా పాస్‌పోర్టులు బాబా గదిలో ఇనప్పెట్టెలో ఉండేవి. అలా పెట్టుకోకూడదని చట్టం ఉందట. చట్టం ఉన్న సంగతి ఆ ఇనప్పెట్టెకి తెలియదు.

అలాంటప్పుడు మా అమ్మాయి పెద్దమనిషి అయింది. ఫోన్‌లో మా అమ్మ చెప్పింది. పిల్ల సిగ్గుపడి ఫోన్ దగ్గరికి రాలేదు. నాలుగు రోజులకి వచ్చి ఒకే ఒక్క మాట అడిగింది.

"అమ్మా, ఫంక్షన్‌కి నువ్వొస్తావు కదా? నన్ను పీట మీద నువ్వే కూచోబెట్టాలంట. అమ్మమ్మ కూచోబెట్టకూడదంట, తాతయ్య లేడు కదా."

మా వైపు ఆ పట్టింపు ఉంది. అమ్మో, ముత్తైదువో చెయ్యి పట్టుకుని పిల్లని పీట మీదకి నడిపించాలి. మా అమ్మకి ఆ అర్హత లేదని పన్నెండేళ్ల పిల్లకి ఎవరో అప్పుడే చెప్పేశారు. నేను వస్తానని మాటిచ్చాను. నా కోసం ముహూర్తం రెండుసార్లు వాయిదా వేశారు. మామాని నాలుగుసార్లు అడిగాను. నాలుగోసారి, "చైనా వెళ్లొచ్చాక, ఇన్‌షా అల్లా," అంది.

బాబాకి బీజింగ్‌లో ఏదో వ్యాపారం పని. పిల్లల సెలవులు కలిసొచ్చాయని అందరూ బయల్దేరారు. ముగ్గురు పిల్లలు కాబట్టి మేమిద్దరం కూడా. అక్క ఆనందానికి హద్దు లేదు. గరిటె తిరగేసి, "దీని పుట్టింటికి ఎల్తున్నామే! ఈ బకెట్‌ది, ఆ చీపురుది, అందరి పుట్టిల్లూ అదే," అని వంటింట్లో ఒక్కొక్క సామానుకీ చెప్పింది. సిల్కు చీర పెట్టెలో పెట్టుకుంది, మామా వద్దంటే తీసేసింది. చివరికి మెరూన్ రంగు పొడుగు గౌను, మెడలో స్కార్ఫ్.

వెళ్లేముందు దుబాయ్‌లోనే సోనాపూర్ కూలీల క్యాంపులో ఉండే మా అన్నయ్యకి ఫోన్ చేశాను. "పాస్‌పోర్టు ఒక్కటి నీ చేతికి రానీ చెల్లెమ్మా. టికెట్ నేను కొంటాను. పారిపోవద్దు. తిరిగొచ్చాక ఎయిర్‌పోర్టులోనే వాళ్ల మొహం మీద చెప్పు, నెల్లాళ్లు ఊరెల్లి వస్తానని. అక్కడ పోలీసులుంటారు, చేతిలోంచి లాక్కోలేరు," అన్నాడు. కానీ ఎయిర్‌పోర్టుల్లో బాబా అందరి పాస్‌పోర్టులూ ఒక తోలు పర్సులో పెట్టుకుని తనే చూపించేవాడు. అధికారి నా మొహం చూసేవాడు, బాబా చేతిలోంచి పుస్తకం తీసుకునేవాడు, బాబా చేతికే ఇచ్చేవాడు.

బీజింగ్‌లో మూడో రోజు గైడు వచ్చింది. అరబ్బీ మాట్లాడే చైనా పిల్ల. మర్నాడు తియనాన్మెన్ స్క్వేర్‌కి వెళ్తున్నామనీ, ముందే పేర్లు రాయించాననీ, అక్కడ తనిఖీ దగ్గర ఎవరి పాస్‌పోర్టు వాళ్ల చేతిలో ఉండాలనీ చెప్పింది. ఆ సాయంత్రం హోటల్ గదిలో పిల్లల బట్టలు మడతపెడుతూ అక్కతో అంతా చెప్పాను. ఒక్క అక్కతోనే చెప్పాను. ఇక్కడ ఇచ్చిన పాస్‌పోర్టు మళ్లీ వాళ్లకివ్వననీ, దుబాయ్‌లో దిగగానే అడుగుతాననీ.

అక్క చిన్నాడి బనీను నాలుగు మడతలు పెట్టింది. విప్పి మళ్లీ పెట్టింది.

"మామా అడిగితే ఏం చెప్తావే?"

"మర్చిపోయానంటాను. నువ్వు మాట్లాడకుండా ఉంటే చాలక్కా."

"సరేలే. నేనున్నానుగా," అంది.

మర్నాడు పొద్దున్నే వెళ్లాం. లోపలికి వెళ్లకముందే అంత పొడుగు వరుస నేను ఏ గుడిలోనూ చూడలేదు. నీరెండ, చల్లగాలి. గొడుగులు, జెండాలు, ఒకే రంగు టోపీలు పెట్టుకున్న ముసలివాళ్ల గుంపులు. తనిఖీ దగ్గర బాబా తోలు పర్సు తెరిచి ఒక్కొక్కటీ పంచాడు. నాది నా చేతిలో పెట్టాడు. నీలం అట్ట, మూల కాస్త నలిగింది. ఐదేళ్లయింది దాన్ని ముట్టుకుని. లోపల నా ఫొటోలో బుగ్గలున్నాయి. పోలీసు దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి నా చేతికే ఇచ్చాడు. బాబా చేతికి కాదు, నా చేతికి. ఆ పోలీసుకి దండం పెడదామనిపించింది.

దాచుకుందామంటే నా గౌనుకి జేబు లేదు. భుజానున్నది పిల్లల డైపర్ల సంచి, అందులో మామా గంటకోసారి చెయ్యి పెడుతుంది. అందుకని పిడికిట్లోనే పట్టుకుని లోపలికి నడిచాను.

ఆ మైదానం గురించి ఏం చెప్పను? మా ఊరూ అక్క ఊరూ మధ్యనున్న కాలవతో సహా తెచ్చి అక్కడ పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. ఎక్కడా చెట్టు నీడ లేదు. నేలంతా రాతి పలకలు. ఒకవైపు ఎర్ర గోడ, దాని మీద పెద్ద నాయకుడి పటం. నడుమ ఎత్తైన రాతి స్తంభం. అటూ ఇటూ స్తంభాల మేడలు. జెండా దగ్గర సిపాయిలు రెప్ప వెయ్యకుండా నిలబడ్డారు. మనుషులందరూ చిన్నగా కనిపిస్తున్నారు, బాబా కూడా. అతన్ని అలా చిన్నగా చూడడం అదే మొదటిసారి, నాకు బావుంది.

అక్క అయితే అక్కడ ఏకంగా పెరిగింది. ఏ పల్లె నుంచో వచ్చిన చైనా ముసలావిడ ఒకతె, అక్క నల్లటి రంగూ ముక్కుపుడకా చూసి ముచ్చటపడి, సైగలతో ఫొటో అడిగింది. ఆవిడ మనవరాళ్లు, కోడళ్లు, ఇంకెవరో అంతా అక్క చుట్టూ చేరారు. అక్క మహారాణిలా మధ్యలో నిలబడింది, నవ్వలేదు. వాళ్లు వెళ్లాక నా దగ్గరికి వచ్చింది. "చూసేవా? దేశం కాని దేశంలో నాతో ఫొటో దిగేరు. ఇప్పుడు నువ్వు తియ్యి, ఆ గోడా, పటం, మొత్తం రావాలి."

నేను ఫోన్ తీశాను. రెండో చేతిలో పాస్‌పోర్టుంది.

"రెండు చేతులతో పట్టుకోవే, ఎన్నిసార్లు చెప్పాలి? ఇలా తే," అంది చెయ్యి చాపి.

ఇచ్చేశాను. ఆలోచించనైనా లేదు. పాలసీసా ఇచ్చినట్టు, తాళాలు ఇచ్చినట్టు, నా పాస్‌పోర్టు ఆవిడ చేతిలో పెట్టేశాను. సంచిలో వేసుకుంది. నేను నాలుగడుగులు వెనక్కి వేసి, గోడ మొత్తం రాదని ఇంకో పది అడుగులు వేసి, రెండు చేతులతో ఫోన్ పట్టుకుని ఆరు ఫొటోలు తీశాను. వాటిల్లో ఒకటే ఫ్లెక్సీ మీదకెక్కింది. అసలు ఫొటోలో అక్క చెయ్యి సంచి మూతిని గట్టిగా అదిమి పట్టుకుని ఉంటుంది. వేళ్ల సందుల్లోంచి రెండు నీలం అంచులు కనిపిస్తాయి. ఒకటి ఆవిడది, ఒకటి నాది.

తీయడం అయింది. "ఇందా" అంటుందని చెయ్యి చాపుకుని ఎదురెళ్లాను. అక్క నా పక్కనుంచి నడుచుకుంటూ వెళ్లిపోయింది. మామా పిల్లల బండి దగ్గర నిలబడి ఉంది. అక్క సంచి తెరిచి, రెండు పాస్‌పోర్టులూ కలిపి, "మామా, పాస్‌పోర్ట్," అని ఇచ్చింది. మామా వాటిని చూడను కూడా చూడలేదు. థాంక్స్ అన్నట్టు "షుక్రన్" అని బాబాకి అందించింది, బాబా పర్సులో పెట్టి జిప్పు లాగాడు.

అక్క వెనక్కి వచ్చి నా భుజం పక్కన నిలబడి ఫోన్‌లోకి తొంగిచూసింది.

"పటం వచ్చిందా?" అని అడిగింది.

అంతమంది పోలీసులున్నారు, అన్ని వేలమంది మనుషులున్నారు. అరిస్తే నా మాట అర్థమయ్యే మనిషి అక్కడ ఒక్కతే ఉంది. ఆవిడకి అంతా తెలుసు. నేను ఫోన్ ఆవిడ చేతిలో పెట్టి, పిల్లల బండి తోసుకుంటూ వెళ్లిపోయాను.

హోటల్‌కి వచ్చాక అడిగాను. పాదాలకి బామ్ రాసుకుంటోంది. నా వైపు చూడకుండానే మాట్లాడింది.

"నిన్ను నేను పూచీ పడి తెచ్చేనే. ఎయిర్‌పోర్టులో నువ్వు ఎదురు తిరిగితే నీకేం, ఎల్లిపోతావు. వాళ్లు నన్ను నిలబెట్టి అడుగుతారు. తణుకు పిల్ల చేసింది చాలదా? మంచిగా అడుగు, మామా పంపుద్ది."

"నాలుగుసార్లు అడిగానక్కా."

"అయిదోసారి నేనడుగుతాను," అంది.

ఆ మాట నిజమేనేమోనని తిరుగు ప్రయాణంలో విమానం దిగేదాకా ఆశపడ్డాను. అంత పిచ్చిదాన్ని. అక్క నిజంగానే అడిగింది. అయితే తన కోసం అడిగింది. ఇద్దర్నీ ఒకేసారి పంపడం కుదరదు కదా. దుబాయ్ వచ్చిన పదో రోజున మామా ఆవిడకి నెల్లాళ్లు సఫర్ ఇచ్చింది. నమ్మకమైన మనిషని బహుమతిగా ఒక సూట్‌కేసు కూడా ఇచ్చింది. వెళ్లేముందు అక్క వంటింట్లోకి వచ్చి, టీలో ఏలక్కాయ ఎన్ని గింజలు వెయ్యాలో మొదటిసారి నాకు చెప్పింది. నేను వినలేదు. తల తిప్పుకుని గిన్నెలు తోమాను.

మూడోసారి ముహూర్తం వాయిదా వేస్తే బావుండదని మా వాళ్లు ఫంక్షన్ ఖాయం చేశారు. ఆ రోజు దుబాయ్‌లో పొద్దున్న ఎనిమిదిన్నర. పిల్లలు స్కూలుకి వెళ్లారు, చిన్నాడు ఇంకా లేవలేదు. అన్నయ్య చెప్పి ఉంచాడు, వీడియో కాల్ వస్తుందని. ఫోన్ పంచదార డబ్బాకి ఆనించి, కొంగు సర్దుకుని కూర్చున్నాను. తెర మీద పందిరి వచ్చింది. పసుపు చీరలో మా అమ్మాయి వచ్చింది. ఎంత పొడుగైపోయిందో! జడ నిండా పూలు, కాళ్లకి పారాణి. దాని చెయ్యి పట్టుకుని మెల్లగా పీట దగ్గరికి నడిపిస్తోంది సిల్కు చీర కట్టుకున్న ఒకావిడ. కెమెరా దగ్గరగా వెళ్లేదాకా పోల్చుకోలేకపోయాను, ఎందుకంటే ఆవిడ నవ్వుతోంది. నోరంతా తెరిచి నవ్వుతోంది.

అక్క నా కూతుర్ని పీట మీద కూర్చోబెట్టింది. నుదుట బొట్టు పెట్టింది. ఒళ్లో కొబ్బరికాయ పెట్టి, అక్షింతలు వేసి, మెటికలు విరిచింది. తర్వాత ఫోన్‌లోకి వంగింది.

"చూసేవా? పిల్లకి లోటు రానిచ్చేనా? పొద్దున్నే కాలవ దాటి వచ్చేసేను. తల్లి బదులు పెద్దమ్మ లేదా ఏటి?"

పందిట్లో అందరూ ఆవిడని మెచ్చుకున్నారు. దుబాయ్ నుంచి వచ్చి మరీ నిలబడింది, ఈ రోజుల్లో ఎవరు చేస్తారు అన్నారు. మా అమ్మ కళ్లు తుడుచుకుంది. మా అమ్మాయి అక్క భుజానికి తల ఆనించి నా వైపు చూసింది.

"అమ్మా, నీకు సెలవు దొరకలేదని పెద్దమ్మ చెప్పింది. పర్లేదులే, ఏడవకు. పెద్దమ్మకి థాంక్స్ చెప్పు."

చెప్పాను. సరిగా వినపడలేదని మళ్లీ చెప్పమంటే, మళ్లీ చెప్పాను.